మజ్నూ చెట్టు లోపల

వానలు వెనకబట్టి, గోడల మీది పాచి ఎండి పొరలుగా రాలడం మొదలయ్యాక మాలీ తుకారాం కత్తెర పట్టుకుని రావాలి. ఏటా అంతే. ఆ ఏడు పాచి ఎండింది, రాలింది కూడా, తుకారాం మాత్రం రాలేదు. హైదరాబాదు రాజ్యంలోకి యూనియన్ మిలిటరీ వచ్చి ఇంకా నెల తిరగలేదు. కాప్రా నుంచి చిలకలగూడకు నడిచి రావడం మామూలు రోజుల్లో అతనికి ఒక పనే కాదు, కానీ అవి మామూలు రోజులని ఎవరంటారు? దారిలో లారీలు, లారీల మీద తుపాకులు, ఏ సందులో ఎవరు ఎవర్ని ఆపి ఏమడుగుతారో తెలియదు. ఇదంతా ఇంటావిడ గులాబ్ బీకీ తెలుసు. తెలిసినా కోపం ఆగలేదు. చెట్టు ఇంతలా పెరిగిపోతుంటే ఆ మనిషికి బుద్ధుండొద్దా అని పొద్దున లేచిన దగ్గర్నుంచీ సణుగుతూనే ఉంది.

చెట్టంటే వేప కాదు, మామిడి కాదు. ఆమె భర్త జాన్ సాహెబ్ రైల్వేలో గార్డుగా ఉన్న రోజుల్లో ఎవరి పెళ్లికో బెంగుళూరు పోయి, అక్కడొక తోటలో చూసి మనసు పడి, ఒక కొమ్మ అడుక్కుని, తడి గోనెలో చుట్టి, ప్రతి స్టేషన్లో దిగి నీళ్లు చల్లుకుంటూ పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. లైలా కోసం ఏడ్చే మజ్నూలా తల వేలాడేస్తుందని అక్కడి మాలీ దాని పేరు బేద్ మజ్నూ అన్నాడట. ఈ ఇంటికొచ్చేసరికి మజ్నూ అయింది. తినడానికి కాయ లేదు, కొప్పులో పెట్టుకోవడానికి పువ్వు లేదు. పైకి పోవాల్సిన కొమ్మలన్నీ సగం దాకా పోయి మనసు మార్చుకుని, సన్నటి ఆకులేసుకుని నేలదాకా వేలాడతాయి. స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అన్నీ కాలువ తీసి దాని పాదుకే మళ్లించారు. అయినా దాని దాహం తీరదు.

రోడ్డు మీద పోయేవాళ్లకు అది గేటు పక్కన ఒక ఆకుపచ్చ గుడారం. దాని లోపల ఏముందో ఆడవాళ్లకే తెలుసు. మొదలు చుట్టూ ఒక మంచం, రెండు పీటలు పట్టేంత చోటు. అక్కడికి ఎండ రాదు, పరాయివాడి చూపు రాదు. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఆకుల సందుల్లోంచి టాంగాలు, ఐసు బండి, ఎవరింటికి ఎవరు పోతున్నారు, ఎంతసేపున్నారు, అన్నీ కనబడతాయి. గోషా పాటించే గులాబ్ బీకి గేటు దాటకుండానే బజారు దొరికే చోటు అది. పక్కింటి కమలాబాయి, వెనక వీధి బాలమ్మ మధ్యాహ్నం వంటలు కాగానే అక్కడికే చేరేవాళ్లు. మగవాళ్లకు ప్రవేశం లేదు. చెట్టు తెచ్చిన జాన్ సాహెబ్‌కే లేదు, ఇంక మిగిలినవాళ్ల మాటెందుకు?

మగవాడు అడుగుపెట్టకూడని చెట్టును మగ మాలీ ఎలా బాగుచేస్తాడు? అందుకే మజ్నూకు ఇద్దరు. బయట నుంచి తుకారాం, లోపల నుంచి గులాబ్ బీ. పై కొమ్మలు, నేలను ఊడ్చే అంచులు అతని పని. వెలుతురు తగలక లోపల ఎండిపోయిన పుల్లలు, ఒకదానికొకటి రాసుకుని బెరడు పోగొట్టుకునే కొమ్మలు ఆమె పని. అతని చేతిలో పెద్ద తోట కత్తెర, ఆమె చేతిలో వక్కలు కత్తిరించే అడకత్తెర. సన్నటి పుల్లలకు దాన్ని మించింది లేదని ఆమె నమ్మకం. "బీబమ్మా, ఎడమ దిక్కు ఒకటి రాసుకుంటున్నది, చూసిండ్రా?" అని ఆకుల బయట నుంచి గొంతు వచ్చేది. "చూసిన. నువ్వు కొస పట్టు, నేను మొదలు కోస్తా" అని లోపల నుంచి జవాబు పోయేది. ఇరవై ఏళ్లుగా ఆ ఇద్దరూ ఒకే కొమ్మను చెరోవైపు పట్టుకుని లాగారు గానీ ఒకరి మొహం ఒకరు చూడలేదు. అతను గేటు తీసినప్పుడల్లా ఆమె సందుల నుంచి చూపు తిప్పుకునేది. ఆమె లెక్కలో తుకారాం ఆరడుగుల మనిషి. గొంతు ఎప్పుడూ నెత్తి మీది నుంచి వచ్చేది మరి.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే లోపల కూర్చుని ఎండుపుల్లలు తుంచుతోంది. కమలాబాయి వాళ్లు రజాకార్ల భయానికి ఎండాకాలంలోనే ఇంటికి తాళం పెట్టి షోలాపూర్ పోయారు. మిలిటరీ వచ్చాక తిరిగొచ్చారు. వాళ్లు లేనన్నాళ్లూ గులాబ్ బీ పీట ఎక్కి, కర్రకు డబ్బా కట్టి, గోడ మీది నుంచి వాళ్ల తులసికోటలో నీళ్లు పోసింది. తిరిగొచ్చి ఇన్ని రోజులైనా కమలాబాయి ఈ వైపుకు రాలేదు. గోడవతల బావి గిలక చప్పుడు మాత్రం వినబడుతోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా గులాబ్ బీ చేతిలోని పుల్ల వదిలేసి గోడ వైపు చూస్తోంది. బాలమ్మా రావడం లేదు, భయమో, ఎవరేమంటారోననో.

గేటు గొళ్లెం చప్పుడైంది. సందులోంచి చూస్తే తెల్ల టోపీ, చేతికి పట్టీ. కమలాబాయి కొడుకు ధన్‌రాజ్. వాడకట్టు కాపలాకని కుర్రాళ్లంతా కలిసి ఒక దళం పెట్టుకున్నారని, దానికి ఇతనే పెద్ద అని ఆమె విన్నది. జాన్ సాహెబ్ వసారాలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చాడు.

"జాన్ సాబ్, ఈ చెట్టు తీసెయ్యాలె" అన్నాడు ధన్‌రాజ్.

చాచా అని పిలిచేవాడు, ఇప్పుడు సాబ్ అంటున్నాడు. గులాబ్ బీ అడకత్తెరను ఒళ్లో పెట్టుకుంది.

"చెట్టేం చేసింది బేటా?"

"పై గల్లీల ఒకరింటి పొదల కత్తులు దొరికినయ్. గిట్ల దాపులున్న చెట్లన్నీ కొట్టియ్యాలని అనుకున్నం. రోడ్డు పక్కన గింత పెద్ద దాపు. లోపల ఎవడున్నడో, ఏమున్నదో ఎవరికెర్క?"

"లోపల మీ ఖాలా ఉంటది. నీకెర్క లేదా బేటా?"

ధన్‌రాజ్ చెట్టు వైపు చూడలేదు. గేటు కమ్మీ మీది తుప్పును గోటితో గీకాడు. "నాకెర్కైతే అయిపాయెనా? అందరికి ఒకటే మాట. జుమ్మా దాకా ఆగుతం. అప్పటికి సుత గిట్లనే ఉంటే గొడ్డండ్లు తెచ్చి మేమే మొదలుకంట కొడ్తం."

"అట్లనే బేటా, అట్లనే. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు జాన్ సాహెబ్.

లోపల కూర్చున్న మనిషికి ఒళ్లు మండిపోయింది. ఈ ధన్‌రాజ్ తల్లి చంకన ఎక్కి ఈ ఆకుల లోపలికి వచ్చినవాడు. గులాబ్ బీ ఒళ్లో తల పెట్టుకుని ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయాడో. ఒకరోజు "ఖాలా, మంచినీళ్లు" అని అడిగితే గొంతు బొంగురుగా రెండుగా చీలింది. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. "ధన్నూ, పెద్దోడివైనవ్ గదరా. రేపటి సంది బయటనే నిలవడి పిలువు" అన్నది గులాబ్ బీ, నవ్వుతూనే. వాడు నీళ్లు తాగకుండానే ఆకులు తోసుకుని బయటికి పోయాడు. మళ్లీ రానూ లేదు, బయట నిలబడి పిలవనూ లేదు. ఇన్నాళ్లకు వచ్చాడు, గొడ్డలి మాట పట్టుకుని.

*

"చెట్టే గదనే" అన్నాడు జాన్ సాహెబ్, ఆ సాయంత్రం చాయ్ సాసర్లో పోసుకుంటూ.

"తెచ్చినోళ్లు మీరు గాబట్టి మీకు చెట్టే. అండ్ల కూసున్నదాన్ని నేను."

"ఇంట్ల కూసో. ఇల్లు లేదా మనకు?"

"ఇంట్ల గోడలున్నయ్."

ఆయన వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు. సాసర్ పెదవి దాకా ఎత్తాడు, చెయ్యి వణికి చాయ్ లుంగీ మీద ఒలికింది. రైలు పెట్టె ఊగుతున్నా కూజాలోంచి చుక్క ఒలకకుండా నీళ్లు వంచుకున్న చెయ్యి అది. గులాబ్ బీ చూసింది. ఆయన తలుపుకు రెండు గొళ్లేలు కాక రోలు కూడా అడ్డం పెట్టి పడుకుంటున్న సంగతీ, లారీ చప్పుడైతే మాట మధ్యలో ఆపేసే సంగతీ ఆమెకు తెలుసు. నలుగురూ మంచివాడన్న మనిషి ఈ నెల రోజుల్లో ప్రతివాడికీ "అట్లనే" అంటూ బతుకుతున్నాడు. ఆమెకు కోపమూ వచ్చింది, ఆయన్ని చూస్తే జాలీ వేసింది. కొంగుతో ఆయన లుంగీ మీది మరక తుడిచి, కప్పు తీసుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మజ్నూ లోపలికి పోయి కూర్చుంది. శుక్రవారం దాకా ఉన్న నాలుగు రోజులూ కూర్చుందామని. మొదలు మీద చెయ్యేసి చూసింది. మనిషి ఒళ్లులాగే చల్లగా ఉంది. వాన గాలికి విరిగిన కొమ్మ ఒకటి పైన బెరడుతో మాత్రమే వేలాడుతోంది. కొసలు బురదలో పొర్లి పసుపుపచ్చగా మారుతున్నాయి. తుకారాం వచ్చి ఉంటే ఇట్లా ఉండేదా?

అనుకున్నంతలో గేటు దగ్గర దగ్గు వినబడింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. ఆమె లేచి నిలబడబోయి, పెద్దరికం గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

"ఇన్ని దినాలు యాడ పోయినవ్ తుకారాం?" అని జాన్ సాహెబ్ అడుగుతున్నాడు.

"మా ఇంటామె దేవమ్మకు చలిజరం సాబ్. జెర తగ్గిందంటే తొవ్వల ఆపుతున్నరు. కత్తెర చూసి ఏం హతియార్ అని అడుగుతున్నరు. ఆకులు కోసేదంటే నవ్వుతున్నరు. ఇయ్యాల గడ్డి మోపుల పెట్టుకొని తెచ్చిన."

"ఇంక కత్తెరతోని పనిలేదు. గొడ్డలి కావాలె." జాన్ సాహెబ్ గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. జుమ్మా, కుర్రాళ్లు, మొదలుకంట. తుకారాం గడ్డి మోపు దించిన చప్పుడైంది. లోపల గులాబ్ బీ ఊపిరి బిగబట్టింది. తుకారాం ఒప్పుకోడు. ఇరవై ఏళ్లు పెంచిన చేత్తో కొట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు? కాదంటాడు, గొడవ పడతాడు, కనీసం అయ్యో అంటాడు.

"అట్లనే సాబ్" అన్నాడు తుకారాం.

ఆమెకు నెత్తి మీద ఎవరో మొట్టినట్టయింది. ఇతనూ అట్లనేనా? చెట్టు మీద తనకొక్కదానికే ప్రాణమా? కళ్లలో నీళ్లు తిరిగాయి, పైటతో తుడుచుకుంది, మళ్లీ తిరిగాయి.

"బీబమ్మా" అని ఆకుల బయట నుంచి పిలుపు వచ్చింది.

ఆమె పలకలేదు.

"బీబమ్మా, ఉన్నరా లోపల?"

ఆమె అడకత్తెర తీసి అందిన పుల్లనల్లా కటుక్కు కటుక్కుమని కత్తిరించింది. కోపంలో ఉన్నానని చెప్పడానికి అంతకంటే మర్యాదైన మార్గం ఆమెకు తోచలేదు. తుకారాంకు ఆ చప్పుడు అర్థమైంది కాబోలు, మళ్లీ పిలవలేదు. ఇంటి వైపు స్టూలు వేసుకున్న చప్పుడైంది. ఆమె గొడ్డలి దెబ్బ కోసం కళ్లు గట్టిగా మూసుకుంది.

కరక్ మన్నది. ఆగి, మళ్లీ కరక్.

అది గొడ్డలి కాదు. తోట కత్తెర.

*

ఇంటి వైపు ఆకుల్లోంచి ఒక పట్టీ వెలుతురు లోపలికి పడింది. కొమ్మలు తెగి జారిపడుతున్నాయి, అంచులు మాత్రమే కాదు, మనిషి నిలువెత్తు దాకా. గులాబ్ బీకి పలకకుండా ఉండడం ఇంక చేతకాలేదు.

"ఏం కోత ఇది తుకారాం? కొట్టమంటే క్షవరం చేస్తున్నవా?"

"ఆ పిల్లగాడు ఏమన్నడు బీబమ్మా? లోపల ఎవడున్నడో కనబడ్తలేదు అన్నడు. కనబడితే అయిపాయె గద. కింద నిలువెత్తు ఖాళీ చేస్తే రోడ్డు మీద నిలవడ్డోనికి మీ ఇంటి తలుపు దాకా కనబడ్తది. ఇంక కొట్టెదానికి సాకేమున్నది? మొదలు కొట్టినంక ఏముంటది గని, ఈ కొమ్మలకేంది, రెండు వానాకాలాలల్ల మల్ల నేలకొస్తయ్."

"సాబ్‌కు అట్లనే అంటివి?"

"సాబ్ భయపడ్డడు. భయపడ్డోనితోని బహస్ ఏం చేస్తం?"

ఆమె కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. దిగిపోయాక అసలు సంగతి తట్టింది.

"కనబడేది నేనే గద తుకారాం."

కత్తెర ఆగింది. అతను అన్నాడు, "అవును బీబమ్మా. అందుకే రోడ్డు దిక్కు ఆఖరికి పెట్టుకున్న. అంతదాక మీరు లోపల పనిచెయ్యుండ్రి. ఆఖరుకు ఇంట్లకు పొండ్రి."

పని సాగింది. వేళ్లంత లావు కొమ్మలను బయట నుంచి కోస్తే బరువుకు బెరడు చీరుకుంటుంది. ఒకరు లోపల మొదలు దగ్గర పట్టుకోవాలి, ముందు అడుగున ఒక గాటు పెట్టాలి, ఆ తర్వాతే పై నుంచి కోయాలి. అడకత్తెరకు లొంగని చోట తుకారాం తన చిన్న రంపాన్ని పిడి ముందుకు పెట్టి ఆకుల్లోంచి అందించాడు. ఆ చెయ్యి ఒక్కటే ఆమెకు ముందు నుంచీ తెలుసు, బొటనవేలి గోరు చీలి ఉంటుంది. "పట్టిండ్రా?" "పట్టిన." "ఇడువుండ్రి." తెగిన కొమ్మలను ఆమె బారుగా పేర్చి, ముదురువి నాలుగు ఏరి నీళ్ల గోలెంలో నిలబెట్టింది. మజ్నూ కొమ్మ నీళ్లు కనబడితే చాలు వేళ్లు పెడుతుంది, ఎక్కడో ఒకచోట నాటొచ్చు.

వసారా ముందు జాన్ సాహెబ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంటి వైపు తెర లేచిపోయి లోపల మంచం, పీటలు, తమలపాకుల పెట్టె అన్నీ బయటపడ్డాయి. ఇన్నేళ్లూ తన ఇంటి ముందున్నదాన్ని ఆయన ఇప్పుడే చూస్తున్నాడు. "బాగ చల్లగుంటదా ఏంది లోపల?" అని మాత్రం అడిగాడు.

పక్కింటి వైపు కొమ్మలు లేచాక గోడ మీద కమలాబాయి తల కనబడింది. ఆమె నోరు తెరుచుకుని బోడి కొమ్మలకేసి చూసింది, గులాబ్ బీని చూసింది. "అయ్యో గులాబ్" అన్నది. షోలాపూర్ నుంచి వచ్చాక అదే మొదటి మాట. ఇంకేదో అనబోయింది గానీ ఇంట్లోంచి ధన్‌రాజ్ గొంతు వినబడి కిందికి దిగిపోయింది. ఆ రెండు ముక్కలకే గులాబ్ బీకి సగం ప్రాణం లేచొచ్చింది.

ఇక రోడ్డు వైపు మిగిలింది. తుకారాం స్టూలు ఆ వైపుకు మార్చుకున్నాడు.

"ఇగ ఇంట్లకు పొండ్రి బీబమ్మా."

"లోపల మొదలు ఎవరు పట్టుకుంటరు?"

"ఎట్లనో నేనే కోస్తా."

"ఎట్లనో కోస్తే ఎట్ల? కానియ్" అని ఆమె పైట నెత్తి మీదికి లాక్కుని కొమ్మ పట్టుకుంది. ఒకటి తెగింది, ఇంకొకటి తెగింది, వాటితో పాటు రోడ్డు కొంచెం కొంచెంగా లోపలికి వచ్చింది. ఆఖరి కొమ్మ దగ్గర కత్తెర తడబడింది. కోయాల్సిన కణుపు వదిలేసి ఎక్కడో పడింది, కొమ్మ బరువుకు జానెడు బెరడు చర్రుమని చీరుకుపోయింది. తుకారాం చేతిలో అలాంటి కోత ఆమె ఎన్నడూ చూడలేదు.

"అయ్యో నా మజ్నూ! కండ్లు పెట్టి కోస్తున్నవా, నోరు పెట్టి కోస్తున్నవా?"

"కండ్లు మూసుకొని కోస్తున్న బీబమ్మా."

గులాబ్ బీ తలెత్తి చూసింది. నిజమే. స్టూలు మీద నిలబడి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, కత్తెర గాల్లోకి చాపి ఉన్నాడు. నెల రోజులుగా నవ్వన్నది మరిచిపోయిన మనిషికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"తెరువు తుకారాం. చెట్టు నాశనమైతది."

అతను ముందు ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. చెట్టును చూశాడు, చీలిన బెరడును చూసి నాలిక కరుచుకున్నాడు. ఆమె మొహం వైపు మాత్రం చూడలేదు, ఆమె కాళ్ల దగ్గరి నేల కేసి చూస్తూ స్టూలు దిగాడు. దిగేసరికి ఆమె భుజం దాకా వచ్చాడు.

"నువ్వు గింతేనా?" అన్నది గులాబ్ బీ, ఆపుకోలేక.

"స్టూలు ఎక్కితే ఎత్తే బీబమ్మా."

ఇద్దరూ కలిసి పేడలో ఎర్రమట్టి కలిపి చీలిన చోట పట్టు వేశారు. ఈసారి ఎవరి పని లోపల, ఎవరి పని బయట అన్న పంపకం లేదు. అదంతా ఒకే చోటు అయిపోయింది.

*

శుక్రవారం గులాబ్ బీ చాటలో బియ్యం పోసుకుని వచ్చి మజ్నూ కింద పీట మీద కూర్చుంది. రోడ్డు కేసి తిరిగి కూర్చుంది. కూర్చునేదాకా తెలియలేదు. ఆకు అడ్డం లేకుండా రోడ్డు ఇంత దగ్గరగా ఉంటుందా? సైకిల్ మీద పోతున్నవాడెవడో తిరిగి చూశాడు. ఆమె చాటలోకి తల వంచింది. లేచి లోపలికి పోదామా అనిపించింది. కానీ ఒక మాట ఆమెకు గట్టిగా తోచింది. తను పోతే అక్కడ మిగిలేది ఒట్టి చెట్టు. ఒట్టి చెట్టును కొట్టడానికి ఎవడైనా రెండోసారి ఆలోచిస్తాడా? ఈ చోటు ఉండాలంటే తను ఉండాలి.

జాన్ సాహెబ్ దుప్పటి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆ కొమ్మకు ఈ కొమ్మకు కడ్తా. ఒక్క క్షణం ఉండు."

"దుప్పటి కడితే మల్ల దాపు అంటరు. వద్దు."

"అందరు చూస్తున్నరు గులాబ్!"

"చూడనియ్యుండ్రి. నేను సుత చూస్తున్న."

ఆయన దుప్పటిని గుండెకు హత్తుకుని నిలబడిపోయాడు. లోపలికి పోయాడు. ఇంక రాడనుకుంది. పేము కుర్చీ మోసుకుంటూ వచ్చి, కొమ్మల అంచు దగ్గర ఆగి, "రావచ్చునా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన వచ్చి ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చెట్టు తెచ్చిన ఇన్నేళ్లకు పైకి చూశాడు. "నిజంగనే చల్లగున్నది" అన్నాడు. వీధిలో చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు, అయినా లేచిపోలేదు. గులాబ్ బీ బియ్యంలో రాళ్లు ఏరడం మానేసి ఒక్క క్షణం ఆయన చేతి మీద చెయ్యి వేసింది. పట్టపగలు, రోడ్డు ఎదుట, పెళ్లయ్యాక మొదటిసారి. తుకారాం గోలెం దగ్గర కూర్చుని కొమ్మలు కట్ట కడుతున్నాడు. చూసీ చూడనట్టు అటు తిరిగాడు.

ధన్‌రాజ్ వచ్చాడు. వెంట ఇద్దరు, భుజాల మీద గొడ్డళ్లు. గేటు దాకా విసురుగా వచ్చి, గొళ్లెం మీద చెయ్యేసి ఆగిపోయాడు. గుడారం లేదు. దాని చోట గొడుగులా పైకి లేచిన చెట్టు, దాని కింద ఎవరో ఒకామె కూర్చుని తన కళ్లలోకి సూటిగా చూస్తోంది. తను చిన్నప్పుడు చూసిన మొహం. కొంచెం ముడతలు పడింది, జుట్టు నెరిసింది, అంతే. ధన్‌రాజ్ చప్పున తల దించుకున్నాడు.

"చాచా" అన్నాడు నేలకేసి చూస్తూ. "ఖాలాను లోపలికి పొమ్మనుండ్రి."

"నాతోనే చెప్పు" అన్నది గులాబ్ బీ. "లోపల ఏమున్నదో ఎవరికెర్క అన్నవు. చూస్కో. మంచమున్నది, చాట ఉన్నది, మీ చాచా ఉన్నడు, నేనున్న. ఇంకేమన్న దాస్తున్ననా?"

ధన్‌రాజ్ గొళ్లెం మీది చెయ్యి తీసేశాడు. వెంట వచ్చినవాళ్లకు ఈ సంగతులేవీ తెలియవు. వాళ్లలో ఒకడు గేటు మీద మోచేతులాన్చి, గోషా ఇంటి ఆడమనిషిని చూడడం ఎన్నడూ దొరకదన్నట్టు తీరిగ్గా చూస్తున్నాడు. ధన్‌రాజ్ అది గమనించాడు. అతని మొహం ఎర్రబడింది.

"ఏం చూస్తున్నవ్ బే? అటు తిరుగు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సందు మలుపులో లారీ చప్పుడైంది. మిలిటరీ లారీ, గుంతల్లో పడుతూ లేస్తూ నెమ్మదిగా వస్తోంది. వెనక నిలబడ్డ సిపాయిలకు ప్రహరీ గోడలు అడ్డం కావు, ప్రతి ఇంటి ముంగిట్లోకీ తొంగి చూస్తూ వస్తున్నారు. జాన్ సాహెబ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. గులాబ్ బీ పైట నుదుటి మీదికి లాక్కుంది. లేవాలనుకుంది. ఎక్కడికని లేస్తుంది? చాటు చేసుకోవడానికి ఒక్క ఆకు లేదు.

ధన్‌రాజ్ గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. వచ్చి, ఆమెకు వీపు పెట్టి, రోడ్డుకు ఎదురుగా నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని బార చాపాడు. ఎవరూ చెప్పలేదు. తను ఏం చేస్తున్నాడో అతనికీ తెలిసినట్టు లేదు. లారీ గేటు ముందుకు వచ్చింది. పై నుంచి సిపాయి ఒకడు ఏదో అడిగాడు, తక్కినవాళ్లు నవ్వారు. ధన్‌రాజ్ కదల్లేదు. అతని చేతులు చాలక, కండువా చాలక, మునివేళ్ల మీద లేచి నిలబడ్డాడు. గులాబ్ బీకి రోడ్డు కనబడలేదు. చెమటకు తడిసిన చొక్కా వీపు, చాచిన మోచేతులు మాత్రమే కనబడ్డాయి.

లారీ పోయింది. దుమ్ము లేచి మెల్లగా సర్దుకుంది.

"కొట్టాల్నా అన్నా?" అని గొడ్డలివాడు అడిగాడు.

"ఏం కొడ్తవ్? దాపు యాడున్నది కొట్టెదానికి?" అన్నాడు ధన్‌రాజ్ బొంగురు గొంతుతో. "పోండ్రి. నేనొస్తా."

వాళ్లు గొణుక్కుంటూ పోయారు. అతను మాత్రం వెనక్కి తిరగలేదు, చాపిన చేతులు దించలేదు. తిరిగితే ఆమెను చూడాల్సి వస్తుంది, దించితే రోడ్డు ఆమెను చూస్తుంది. ఎటూ తోచక ఎండలో అలాగే నిలబడ్డాడు. గోడ మీద కమలాబాయి తల లేచింది, ఈసారి దిగిపోలేదు.

గులాబ్ బీకి కోపం కోసం వెతికినా దొరకలేదు. చాట పక్కన పెట్టి, మంచం పక్కనున్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు వంచింది.

"ధన్నూ" అన్నది. "ఎండల నిలవడకు. లోపలికి రా."

అతను చేతులు దించాడు. టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. వంగాల్సిన పని లేదు, తుకారాం కొమ్మలన్నీ నిలువెత్తుకు కోసేశాడు. అయినా ధన్‌రాజ్ తల వంచి, లేని ఆకులను రెండు చేతులతో పక్కకు తీసుకుని, లోపలికి వచ్చాడు.